అప్రెంటిసుల బేరము

మన పట్టణములయందు కొలదియేండ్లనుండి యొక క్రొత్త యుద్యోగము ప్రబలుచున్నది. దీనికి మన భాషలో నింకను పేరు కుదురలేదు. ఆ యుద్యోగి మన చేతికిచ్చు చీటిపై 'బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్' అని యచ్చువేయబడియుండును. ఆతడు అప్రెంటిసులకు శిక్షణ నిప్పించు సంస్థయొక్క ప్రతినిధి. ఉదయమున లేచి పటాన్‌చెరువునకో, జీడిమెట్లకో, గాజువాకకో, శ్రీసిటీకో పోవును. కర్మాగారపు గేటుకడ కావలివానికి నమస్కరించి, పుస్తకములో సంతకముచేసి, హెచ్.ఆర్. అధికారి పిలుచువఱకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండును. పిలుపు వచ్చినపిమ్మట నాతడు చెప్పవలసినదెల్ల నొక్క మాటలో నిమిడియున్నది: "అయ్యా, మీకు అప్రెంటిసులను మేము సమకూర్తుము; కాగితములన్నియు మేమే చూచుకొందుము; నెలకు తలకింతయని మా కియ్యుడు."

ఇట్టి యుద్యోగమునుగూర్చి సంపాదకీయ మేల యని పాఠకులలో కొందఱు తలపవచ్చును. సబ్బు లమ్మువారును, భీమా చేయించువారును ఉన్న లోకములో వీరును నుందురుగాక యందురు. కాని సబ్బు నచ్చనివాడు మఱునెల దానిని మానుకొనును. ఇచ్చట చేతులు మారుచున్నది పండ్రెండవ తరగతి చదివిన పిల్లవాని జీవితములో నొక సంవత్సరము. రుసుము చెల్లించునది ఫ్యాక్టరీ. సంవత్సరము చెల్లించునది పిల్లవాడు. బేరము కుదురునపుడు ఫ్యాక్టరీ బల్ల కావలిప్రక్కనే కూర్చుండియుండును. పిల్లవాడు శ్రీకాకుళములోనో, ఆదిలాబాదులోనో, తన పేరుమీద నేమి మాటలాడబడుచున్నదో యెఱుగక యింటిపట్టుననుండును. ఇద్దఱకును సంబంధించిన బేరములో నొకడే యెదుట నున్నప్పుడు రెండవవాని పక్షమున మాటలాడువా రెవరు? మధ్యవర్తియే మాటలాడవలెను. వాడు మాటలాడుచున్నాడా యనునదే మా ప్రశ్న.

మన దేశమున నీ విషయమై వచ్చిన తొలి శాసనము 1850 నాటిది. అనాథలను, ధర్మసంస్థలలో పెరుగు బీదపిల్లలను చేతిపనులకు కట్టుటకై కంపెనీ ప్రభుత్వ మది చేసెను. పదియేండ్లు నిండిన బిడ్డను తండ్రియో, సంరక్షకుడో ఏడేండ్లకు మించని గడువునకు యజమానికి కట్టివేయవచ్చును. స్వతంత్ర భారతము 1961లో క్రొత్త చట్టము చేసి, పాతదానిని కొట్టివేసినది. క్రొత్త చట్టము అప్రెంటిసును కట్టుబానిసగా చూడలేదు. ఒడంబడిక చేసికొని, దానిని ప్రభుత్వము నియమించిన సలహాదారుకడ రిజిస్టరు చేయించుకొని, నెలనెల భృతి పుచ్చుకొని, గడువు ముగిసినపిమ్మట పరీక్షకు కూర్చుండు విద్యార్థిగా చూచినది. అందు 18వ సెక్షనులో నొక వాక్యము కలదు. అప్రెంటిసు శిక్షణార్థియే కాని పనివాడు కాడనియు, కార్మిక శాసనములు వానికి వర్తింపవనియు దాని భావము. పాఠకు లీ వాక్యమును జ్ఞాపకముంచుకొనవలెను. నేటి బేరమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

చట్టము వచ్చిన తర్వాత యాబదియేండ్లు యజమానులు దానిని గూర్చి యంతగా చింతించినట్లు కానరాదు. రైల్వేలు, రోడ్డు రవాణా సంస్థలు, రామచంద్రాపురపు భెల్, విశాఖపట్టణపు ఓడల కర్మాగారము మున్నగు ప్రభుత్వరంగమువారు అప్రెంటిసులను పుచ్చుకొనుచుండిరి. తక్కినవారు చూచియు చూడనట్లుండిరి. 2014లో పార్లమెంటు చట్టమును సవరించెను. అంతకుముందు ధిక్కరించినవానికి ఆఱునెలలవఱకు చెఱసాల విధింపవచ్చునను మాట చట్టములో నుండెను. దానిని తీసివేసి జుల్మానా మాత్రము మిగిల్చిరి. పాత జాబితాలోని వృత్తులేకాక, యజమాని తనకు వలసిన వృత్తిని తానే కల్పించుకొను సౌకర్యమును నిచ్చిరి. 2016 ఆగస్టులో జాతీయ అప్రెంటిసు ప్రోత్సాహక పథకమువచ్చి, భృతిలో నాలుగవవంతు, 1,500 రూపాయలకు మించకుండ, ప్రభుత్వము భరించునని చెప్పినది. 2019లో నియమములు మార్చి, ముప్పదిమందియు నంతకు మించియు పనిచేయు ప్రతి సంస్థయు తన బలగములో నూటికి 2.5 మొదలు 15 వఱకు అప్రెంటిసులను పుచ్చుకొనవలెనని శాసించిరి. ఈ మూడు మార్పుల నడుమ నేర్పడిన సందులోనుండియే మన ఎగ్జిక్యూటివు పుట్టినాడు. ఆతని సంస్థకు 'థర్డ్ పార్టీ అగ్రిగేటరు' అను హోదా పథకమే యిచ్చినది.

ఈ లెక్కను కొంచెము విప్పి చూతము. నాలుగువందలమంది పనిచేయు నొక కర్మాగారము కలదనుకొనుడు. అది పదిమందికి తక్కువకాకుండ, అఱువదిమందికి మించకుండ అప్రెంటిసులను పెట్టుకొనవలెను. పండ్రెండవ తరగతి యుత్తీర్ణునికి 2019 నియమములు నిర్ణయించిన కనీస భృతి నెలకు 7,000 రూపాయలు. అందు 1,500 ప్రభుత్వముది, 5,500 యజమానిది. దానిపై శిక్షణసంస్థ రుసుము. పెట్టుకొనకపోయినచో నేమగును? లోటుపడిన యొక్కొక్క అప్రెంటిసునకు మొదటి మూడునెలలు నెలకు 500, ఆ పైన నెలకు 1,000 రూపాయల జుల్మానా. చట్టమును పాటించుటకు 5,500, ధిక్కరించుటకు 1,000! కూడికలు తీసివేతలు వచ్చిన యే యజమానియు జుల్మానాకు జడిసి అప్రెంటిసును చేర్చుకొనడు. చేర్చుకొనుచున్నాడన్నచో, ఆ 5,500నకు మించిన దేదియో వానివలన రాబట్టుకొనుచున్నాడని యర్థము. అది రేపటికి పనికివచ్చు నిపుణుడైనను కావచ్చును. నేటి చౌకకూలియైనను కావచ్చును. ఈ రెంటిలో దేనిని చూపి సరకమ్మవలెనో నిర్ణయించువాడు ఎగ్జిక్యూటివే. చట్టమునకు భయము లేనిచోట వాక్చాతుర్యమునకు గిరాకి కలుగును.

ఆ బల్లయొద్ద జరుగు సంభాషణ మన మూహింపలేనిది కాదు. ఇట్టి సంస్థల కరపత్రములలో నది యచ్చయియే యున్నది. ప్రావిడెంటుఫండు కట్టనక్కఱలేదు. ఇ.ఎస్.ఐ. లేదు. బోనసు లేదు. గడువు తీరగానే పంపివేయవచ్చును. ఖాయము చేయుమని యడుగువాడు లేడు. ఇవన్నియు చట్టరీత్యా సత్యములే. కాని యీ మినహాయింపు లేల కలిగినవి? వాడు నేర్చుకొనుచున్నాడు కనుక. నేర్పువానికి శ్రమయు, పాడైన సరకును, పోయిన కాలమును కలవు కనుక, దానికి బదులుగా చట్టము యజమానికి కొంత వెసులుబాటు నిచ్చినది. నేర్పు టన్నది తీసివేసి వెసులుబాటు మాత్రమే యమ్మినచో నది గురుదక్షిణ పుచ్చుకొని పాఠము చెప్పకుండుట వంటిది. పెట్టె లెత్తుటకును, సీసాలకు మూతలు బిగించుటకును, పండ్రెండునెలలు ఒక్కచోటనే నిలువబడి యొక్క మీటనే నొక్కుటకును అప్రెంటిసు అను పేరు పెట్టినంతమాత్రమున నది విద్య కానేరదు. రెండు దినములలో వచ్చు పనికి పండ్రెండునెలల శిష్యరిక మేల?

ఇక రెండవకొస చూడుడు. ఫ్యాక్టరీ సమ్మతించిన తర్వాత పిల్లలను కూర్పవలెను. ఈ పనికి వేఱు మనుష్యు లుందురు, వారిని మొబిలైజర్లందురు. జూనియరు కళాశాలలయొద్దను, ఐ.టి.ఐ.లయొద్దను, ఉద్యోగ మేళాలలోను వారు తిరుగుచుందురు. అచ్చట 'అప్రెంటిసు' అను మాట వినబడుట యరుదు. 'జాబు' అందురు, 'కంపెనీ జాబు' అందురు, హాస్టలు, క్యాంటీను, బస్సు కలవందురు. ఫ్యాక్టరీ బల్లయొద్ద "వీడు ఉద్యోగి కాడు, మీకు చింతలేదు" అనియు, ఊరిలో అరుగుమీద "నీకు ఉద్యోగ మిప్పించితిమి" అనియు నొక్క సంస్థయే, యొక్క పిల్లవానినిగూర్చియే చెప్పుచున్నచో, ఆ రెంటిలో నొకటి యబద్ధము. చట్టప్రకారము మొదటిదియే నిజము కనుక అబద్ధ మెవరి వంతునకు వచ్చినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. సంవత్సరము గడచి, పెట్టె చేతబట్టుకొని యిల్లు చేరిన నాడు ఆ తల్లిదండ్రు లడుగు ప్రశ్నకు పిల్లవానికడ జవాబుండదు. వాడు తన యసమర్థతవలననే యుద్యోగము పోయినదని తలచును. పోవుటకు ఉద్యోగ మన్నదే లేదని వానికి చెప్పినవారు లేరు.

ఒడంబడికపత్రము చాలచోట్ల ఆంగ్లముననే యుండును. పిల్లవాడు పదునెనిమిదేండ్లలోపువాడైనచో తండ్రియో సంరక్షకుడో సంతకము చేయవలెను. ఆ తండ్రి వేలిముద్రవేయువాడు కావచ్చును. పాత 1850 శాసనమునాటి తండ్రికిని వీనికిని నీ విషయములో భేదము తక్కువ.

ఈ విక్రయోద్యోగుల నందఱిని మేము నిందించుచున్నామని యెవరును భావింపరాదు. వారిలో ననేకులు ఇంజనీరింగు చదివి, తగిన పనిదొరకక యీ దారిపట్టినవారు. నెలకు ఇన్ని సంస్థలను చూడవలెను, ఇన్ని తలలు చేర్పవలెనను 'టార్గెట్టు' వారి మెడపైనుండును. ఇన్సెంటివు తలల లెక్కపైననే వచ్చును. నెలాఖరున పదితలలు తక్కువైనవాని యవస్థ యేమో మన పఠనమందిరములకు వచ్చువారిలో చాలమంది, ఏ వ్యాపారములో నున్నవారైనను, ఎఱుగుదురు. తలకింత యని కూలి యిచ్చినచో మనిషి తలలనే లెక్కించును. పదిమందికి నేర్పగల మేస్త్రీ యొక్కడే యున్న కర్మాగారమున అఱువదిమందిని చేర్చుట తప్పని యాతనికి తెలియకపోదు. కాని పదిమందిని చేర్చినచో వానికి వచ్చున దారవవంతు. తప్పు వాని స్వభావమునందు కన్న వాని జీతపు పద్ధతియం దెక్కువగ నున్నది.

ఇతరదేశములలో నీ వృత్తి యెట్లున్నదో చూచుట మేలు. ఇంగ్లండులో నిది మనకన్న ముదిరినది. అచ్చట 2017 ఏప్రిలునుండి, సాలునకు ముప్పదిలక్షల పౌనులకు మించి జీతములిచ్చు యజమానులపై నూటికి అఱపౌను చొప్పున అప్రెంటిసు పన్ను వేసిరి. ఆ సొమ్ము యజమాని పేరనే యొక ఖాతాలో పడియుండును. ఇరువదినాలుగు నెలలలో శిక్షణకై వాడుకొనకున్నచో మురిగిపోవునని నాటి నిబంధన. ఇంకేమున్నది? "మీ సొమ్ము మురిగిపోవుచున్నది, మాకిండు" అని శిక్షణసంస్థల ప్రతినిధులు కంపెనీల తలుపులు తట్టిరి. పన్నును గిట్టించుకొనుటకై, అంతకుముందే యుద్యోగములలో నున్న నడివయస్సు అధికారులను నిర్వహణశాస్త్రపు తరగతులలో చేర్చి వారికి అప్రెంటిసులని పేరిడిరి. 2016-17లో దాదాపు 4,95,000గా నుండిన క్రొత్త అప్రెంటిసుల సంఖ్య మఱుసటియేడు 3,76,000కు దిగజాఱినది. అందును తక్కువతరగతి పనులలో చేరు యువకుల సంఖ్యయే తగ్గినది. తుదకు 2025లో నా ప్రభుత్వము, అత్యున్నతశ్రేణి శిక్షణకు ఇరువదిరెండేండ్లు దాటినవారికి ధనసాయము 2026 జనవరినుండి నిలుపుచేయుదుమని ప్రకటింపవలసివచ్చెను. ఐనను వారికడ మనము నేర్చుకొనదగిన ఏర్పా టొకటి కలదు. శిక్షణసంస్థకు రావలసిన సొమ్ములో నైదవవంతును అప్రెంటిసు శిక్షణ ముగించి తుదిపరీక్ష దాటువఱకు ప్రభుత్వము బిగబట్టియుంచును. పిల్లవాడు నడుమ పాఱిపోయిన నాడు సంస్థకు నష్టము. పని కట్టివేసి నేర్పుటకు కేటాయింపవలసిన కాలమునకును లెక్క కలదు. మొదట పనివేళలలో నైదవవంతుగా నుండి, 2022లో వారమునకు ఆఱుగంటలకు తక్కువ కాకుండ నిర్ణయింపబడెను. ఆ గంటలు నిజముగ జరుగుచున్నవా యని పాఠశాలల పరీక్షాధికారులే వచ్చి చూచెదరు.

జర్మనీలో నీ యమ్మకపువాని యవసరమే కనబడదు. అచ్చటి వర్తక పారిశ్రామిక మండలులు ఒడంబడికలను నమోదుచేసి, పరీక్షలను తామే జరుపును. అప్రెంటిసునకు సాంఘిక భీమా పూర్తిగ వర్తించును. వాని చౌకదనమును చూపి యమ్ముటకు వీలు తక్కువ గనుక, వాని నైపుణ్యమునే చూపవలసివచ్చును.

మన యింటి సంగతియే చెప్పుకొనినచో, మనకు శిష్యరికము క్రొత్తది కాదు. బెజవాడ ఆటోనగరునకు పోయి చూచినవారికి తెలియును. లారీ క్రింద దూఱి, మేస్త్రీ చేయిచాచినంతనే యే పానా యందీయవలెనో చూపుతోనే గ్రహించు కుఱ్ఱవాండ్రచ్చట నున్నారు. వారికి ఒడంబడికలేదు, పోర్టలులేదు, ఎగ్జిక్యూటివు లేడు. తిట్లు కలవు, అప్పుడప్పుడు దెబ్బలును కలవు. ఐనను నాలుగైదేండ్లలో ఇంజను విప్పి బిగింపగలిగిన పనిమంతులై సొంతషెడ్డు పెట్టుకొనువా రందుండియే వచ్చుచున్నారు. వారికి లేనిది కాగితము. ఎంత పనివచ్చినను పెద్దకంపెనీ గేటు దాటుటకు వానికడ సర్టిఫికేటు లేదు. పోర్టలుమీద చేరినవానికి కాగితమంతయు నున్నది, పని రాదు. ఈ రెంటిని కలుపుటయే చట్టముయొక్క యుద్దేశము. బందరులో 1910లో ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిన పెద్దలు చదువుతోపాటు చేతిపనిని గూడ విద్యార్థికి నేర్పబూనినది యీ కొఱతను చూచియే. శిక్షణసంస్థలు ఆటోనగరు మేస్త్రీలయొద్దకు పోయి, వారికడనున్న కుఱ్ఱవాండ్రను చట్టములోనికి తెచ్చు ప్రయత్నము చేసినచో నెంత మేలు జరిగియుండెడిది! నలుగురు మొదలుకొని పనిచేయు చిన్నసంస్థలకు గూడ 2019 నియమములు అప్రెంటిసులను పెట్టుకొను స్వేచ్ఛ నిచ్చినవి. కాని ఒక్కొక్క షెడ్డునకు ఒక్కడే దొరకును. అఱువదితలలు దొరకు చోటు వదలి యెవడు పోవును?

మా వాదమునకు ప్రతివాదము లేకపోలేదు. "ఇంటిపట్టున నూరకున్న పిల్లవానికి నెలకు 7,000 వచ్చుట మేలు కాదా? కర్మాగారమనగా నేమో, షిఫ్టు అనగా నేమో, పైయధికారితో నెట్లు మెలగవలెనో తెలియుట విద్య కాదా? ఈ యమ్మకపువాడు లేనిచో నా యవకాశమును వానికి చూపువా రెవరు?" అని కొందఱు పెద్దలు మాతో ననిరి. ఇందు సత్యమున్నది. ఊరు దాటని యాడపిల్ల యొకతె శ్రీసిటీలో నేడాదియుండి, తన పేర బ్యాంకుఖాతా తెఱచి, నలుగురితో మాటలాడ నేర్చి తిరిగివచ్చుట చిన్నసంగతి కాదు. 2023నుండి ప్రభుత్వపు వంతు భృతి నేరుగా అప్రెంటిసు ఖాతాలోనికే పోవుటయు మంచి మార్పే. నడుమ చేతులు తగ్గినవి. 2025లో కేంద్ర అప్రెంటిసు మండలి భృతిని నూటికి 36 వంతున పెంపవలెనని సిఫారసు చేసినది, అదియు న్యాయమే. కాని యీ మేళ్లన్నియు 'పని దొరకుట'వలన కలుగు మేళ్లే. పనియే యిచ్చుచున్నచో పనివాని కూలియు, పనివాని హక్కులును ఇయ్యవలెను. శిక్షణయని చెప్పి హక్కులను తగ్గించినపిమ్మట, కూలి దొరకినది కదా యని సమాధానపడుమనుట సరికాదు. ఏదో యొకటి చెప్పుడు.

ఇంతకన్న బరువైన విషయ మొకటి యున్నది. 2024 ఆగస్టులో అచ్యుతాపురమునందలి యొక మందుల కర్మాగారమున పేలుడు సంభవించి 17 మంది మరణించిరి. 2025 జూనులో పాశమైలారమున జరిగిన పేలుడులో నలుబదిమందికి పైగా బలియైరి. ఆ మృతులు అప్రెంటిసులని మేము చెప్పుటలేదు. కాని అట్టి పారిశ్రామిక వాటికలలోనే మన ఎగ్జిక్యూటివులు ప్రతిదినము తిరుగుచున్నారు. అట్టి కర్మాగారములకే పిల్లలను పంపుచున్నారు. అనుభవజ్ఞుడు వాసనబట్టియే ప్రమాదమును పసికట్టి వెలుపలికి వచ్చును. చేరి మూడువారములైన పిల్లవానికి ఏ తలుపు ఎటు తెఱచుకొనునో కూడ తెలియదు. ప్రమాదకర పరిశ్రమలలో పదునెనిమిదేండ్లు నిండనివానిని అప్రెంటిసుగా చేర్చరాదని చట్టము చెప్పుచున్నది. శిక్షణలో గాయపడినవానికి యజమాని నష్టపరిహార మీయవలెననియు చెప్పుచున్నది. ఇ.ఎస్.ఐ. లేదని గొప్పగా చెప్పి ఫ్యాక్టరీని ఒప్పించినవాడు, చేయి నలిగిన పిల్లవానికి ఆసుపత్రి ఖర్చెవరు పెట్టుదురో యాబల్లయొద్దనే యడిగి తెలిసికొనవలసిన బాధ్యత లేదా?

అడుగుటకు వానికి చోటున్నది. అదియే మేము ముఖ్యముగ చెప్పదలచినది. ప్రభుత్వపు సలహాదారు ప్రతి కర్మాగారమునకు పోజాలడు. తల్లిదండ్రులు పోలేరు. పిల్లవాడు పోవుసరికి సంతకము లైపోయియుండును. చేరికకుముందే షెడ్డులోనికి నడిచి చూడగలవాడు ఈ యమ్మకపువా డొక్కడే. ఆతడు పావుగంట యధికముగ నిలిచి, నేర్పువాడెవరో చూపుమని యడుగవచ్చును. ఏ యే యంత్రములమీద, ఎన్నేసి నెలలు త్రిప్పుదురో అడుగవచ్చును. పోయినయేడు చేరినవారిలో నెందఱు తుదివఱకు నిలిచిరి, ఎందఱు పరీక్షకు కూర్చుండిరి, ఎందఱిని సంస్థయే పుచ్చుకొన్నది యని యడుగవచ్చును. శిక్షణ ముగించినవారిని పుచ్చుకొను విషయమున ప్రతి యజమానియు తనదైన విధాన మేర్పరచుకొనవలెనని 2014 సవరణ చెప్పినది. ఆ విధానము కాగితముమీద నున్నదా యని యడుగవచ్చును. ఇతర యోగ్యతలు సమానమైనప్పుడు బయటివానికన్న శిక్షణపొందిన అప్రెంటిసునకు ప్రాధాన్య మీయవలెనని 1995లో సుప్రీముకోర్టు ఉత్తరప్రదేశ రవాణా సంస్థ వ్యాజ్యములో చెప్పియున్నది. రైల్వేవారు తమ మొదటిశ్రేణి కొలువులలో నూటికి ఇరువది అప్రెంటిసు శిక్షణ ముగించినవారికి కేటాయించిరి. ప్రైవేటు కర్మాగారము నింతయేల యడుగరాదు? సరియైన జవాబులు రానిచోట "మీకు మేము పిల్లల నీయలేము" అని లేచివచ్చు ఎగ్జిక్యూటివునకు ఆ నెల ఇన్సెంటివు పోవును. ఆ పోకను సంస్థ భరింపవలెను, వానిమీదికి త్రోయరాదు.

కావున శిక్షణసంస్థల యజమానులకు మేము చెప్పున దేమనగా, మీ యమ్మకపువారికి తలలనుబట్టి యిచ్చు ప్రతిఫలమును మూడుభాగములు చేయుడు. ఒడంబడిక నమోదైననాడు ఒకటి, అప్రెంటిసు ఆఱునెలలు నిలిచిననాడు ఒకటి, వాడు పరీక్షలో నెగ్గి సర్టిఫికేటు పుచ్చుకొన్ననాడు ఒకటి ఇయ్యుడు. అప్పుడు చేర్చినవాడే మఱల ఫ్యాక్టరీకి పోయి, తాను చేర్చిన పిల్లలు మీటవద్దనే నిలబడియున్నారా, యంత్రముకడకు పోయిరా యని విచారించును. ఇంగ్లండు ప్రభుత్వము సంస్థలకు విధించిన నియమమును మీరు మీ యింటిలో విధించుకొనుట కెవరి యనుమతియు నక్కఱలేదు. కరపత్రములలో 'పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు' అను పంక్తులను మొదటిపుటనుండి తీసివేయుడు. గ్రామములకు పంపు కాగితములో 'ఇది ఉద్యోగము కాదు, ఒక సంవత్సరపు శిక్షణ, భృతి యింత, తర్వాత కొలువు కలుగుననుటకు హామీ లేదు' అని తెలుగున, పెద్దయక్షరములతో అచ్చువేయించుడు. దానివలన చేరువారి సంఖ్య తగ్గునని మీరు భయపడుదురు. తగ్గనిండు. తెలిసి చేరినవాడు నడుమ పాఱిపోడు.

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వముల నైపుణ్యశాఖలను మేము కోరుచున్నది యింకను చిన్నది. తమ రాష్ట్రములో పనిచేయు ప్రతి శిక్షణసంస్థయు, దానివలన అప్రెంటిసులను పుచ్చుకొన్న ప్రతి కర్మాగారమును గడచిన సంవత్సరము చేర్చిన వారెందఱు, ముగించిన వారెందఱు, నెగ్గిన వారెందఱు, అచ్చటనే కొలువు పొందిన వారెందఱు అను నాలుగంకెలను ప్రతి ఏప్రిలు మాసమున తెలుగున ప్రకటింపవలెనని ఉత్తరువు చేయవలెను. ఆ పట్టిక ప్రతి జూనియరు కళాశాల, ప్రతి ఐ.టి.ఐ. ప్రకటనఫలకముమీదను అంటింపబడవలెను. మే మాసములో మొబిలైజర్లు వచ్చుసరికి పిల్లలు దానిని చదివియుందురు.